మీరు అంటించి ఇచ్చిన కవరు

బళ్ళారి,
ఆదివారం, మధ్యాహ్నం.

ప్రియమైన నాన్నకు,

మీ కూతురు కరుణ ప్రభువు పేరిట వందనాలు చెప్పుకుని రాస్తున్నది. నేను ఇక్కడ క్షేమంగా ఉన్నాను. మీరూ అమ్మా కూడా అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. కంటి చుక్కలు రోజూ వేసుకుంటున్నారా? రెండో పూట వేసుకోవడం మీరు మరిచిపోతారని నాకు తెలుసు. అమ్మ మోకాలు ఎలా ఉంది? చర్చి మెట్లు ఎక్కేటప్పుడు ఎవరి చేయైనా పట్టుకోమనండి. ఎవరి చేయీ పట్టుకోదు. అయినా చెప్పండి.

ఉత్తరం వచ్చిందని కంగారు పడకండి. ఒంట్లో బాగానే ఉంది. ఫోన్లో నా మాట మీకు సరిగా వినపడదు. నేను గట్టిగా మాట్లాడలేను. మధ్యలో అమ్మ ఫోన్ అందుకుని, "బాగుండానంటాంది" అని మీకు చెప్తుంది. రెండేళ్లుగా మనం మాట్లాడుకున్నదంతా దాదాపు ఆ ఒక్క మాటే.

ఏజెన్సీలో పని మానేసి సొంతంగా మొదలుపెట్టానని చెప్పినప్పుడు మీరు కోప్పడలేదు. అమ్మ చేతిలోంచి ఫోన్ తీసుకుని ఒక్క మాట అడిగారు. "ఆడ నిన్ను ఎరిగినోళ్ళు ఎవరున్నారమ్మా?" అన్నారు. నేను, వినపడటం లేదు నాన్నా అని పెట్టేశాను. నాకు బాగా వినపడింది. చెప్పడానికి ఒక్క పేరు కూడా లేక అలా చేశాను. చెవి సరిగా వినపడని మీతో ఆ మాట అన్నందుకు చాలా రోజులు బాధపడ్డాను.

మీరడిగినదానికి ఇప్పుడు జవాబు రాస్తున్నాను. మీకు చెప్పకుండా దాచిన సంగతి కూడా ఒకటుంది. అది కూడా ఇందులోనే రాస్తాను. ముందు మీరు మొత్తం చదువుకుని, ఆ తర్వాత అమ్మకు చదివి వినిపించండి.

ఏజెన్సీలో నా పని ఏమిటో మీకు కొంత తెలుసు. ఇక్కడి నర్సింగ్ హోములకు, హాస్టళ్లకు, జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్లకు మనుషులు కావాలి. చుట్టుపక్కల ఊళ్లలో పని కావలసిన ఆడపిల్లలు ఉంటారు. వాళ్లనూ వీళ్లనూ కలపడం ఏజెన్సీ పని. నేను మీకు చెప్పనిది ఏమిటంటే, పనిలో చేరే ప్రతి పిల్ల దగ్గరా అసలు మార్కుల కార్డు, మన దగ్గర మెమో అంటామే అది, తీసుకుని మేము బీరువాలో పెట్టేవాళ్లం. సంవత్సరం నిండేదాకా తిరిగి ఇవ్వరు. పిల్ల మధ్యలో మానేసి వెళ్లకుండా అదొక కట్టు. ఈ ఊళ్లో అన్ని ఏజెన్సీలదీ అదే పద్ధతి, మా ఒక్కరిదే కాదు. బీరువా తాళం నా దగ్గర ఉండేది. నేను ఎక్కువ మాట్లాడనని ఏజెన్సీ నడిపే సార్ నన్ను నమ్మి అక్కడ కూర్చోబెట్టాడు.

దసరాకు ముందు ఒక రోజు లలిత అనే పిల్ల వచ్చింది. వాళ్లది సండూరు దగ్గర బండ్రి. కూలి చేసుకునే తెలుగువాళ్లు, ఎప్పుడో వచ్చి అక్కడే ఉండిపోయినవాళ్లు. మేమే ఆమెను ఒక హాస్టల్ వంటింట్లో చేర్పించాం. నర్సింగు కోర్సుకు ఫారం నింపుతున్నానని, అసలు కార్డు చూపించాలని, మరుసటి రోజే ఆఖరని చెప్పింది. సార్ తన బల్ల దగ్గరనుంచి నావైపు చూసి తల అడ్డంగా ఊపాడు. తాళం సార్ వాళ్లింట్లో ఉందని నేను లలితతో చెప్పాను.

"అయితాదిలే అక్కా" అంది. మంచినీళ్లు అడిగి తాగింది. గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

ఆమె అరిచి ఉంటే నేను మరిచిపోయేదాన్నేమో. ఆ గ్లాసు చూసినప్పుడల్లా గుర్తొచ్చేది. క్రిస్మస్‌కు ఇంటికి వచ్చి నేను ఊరికే కూర్చున్నానని అమ్మ బెంగపడింది కదా, అందుకే. తిరిగి వచ్చిన వారంలో పని మానేస్తానని సార్‌తో చెప్పాను.

సార్ చెడ్డవాడు కాదు నాన్నా. జ్వరం వచ్చినప్పుడు వాళ్లింటి నుంచి గంజి పంపించాడు. "ఏందమ్మా, ఏం తక్కువ చేసినామని?" అని అడిగాడు. ఏమీ లేదు సార్, నేనే సొంతంగా చేసుకుందామని అన్నాను. ఆయన నిజంగానే నవ్వాడు. "నువ్వు? ఫోన్ ఎత్తి హలో అనే లోపల అవతలోడు పెట్టేస్తాడు కదమ్మా." అది నిజమే. లలిత కార్డు మాత్రం అడిగాను. "తీసుకో పో. తారీఖు అయిపాయె. ఇంకేం చేసుకుంటాదంట దాన్ని?" అని ఇచ్చేశాడు.

ఆ కార్డు తీసుకుని బండ్రి వెళ్లాను. సండూరు దాకా ఒక బస్సు, అక్కడనుంచి ఇంకొకటి. దారంతా ఎర్ర దుమ్ము. ఖనిజం లారీలు పోయే దారి కనుక చెట్ల ఆకులు కూడా ఇటుక రంగులోనే ఉంటాయి. ఏం చెప్పాలో బస్సులో రెండు మూడు రకాలుగా అనుకుంటూ పోయాను. ఇల్లు వెతుక్కుని కార్డు చేతిలో పెట్టేటప్పటికి అనుకున్నదేదీ నోట రాలేదు. ఆలస్యమైంది అని మాత్రం అన్నాను.

లలిత కార్డును అటూ ఇటూ తిప్పి చూసుకుంది. తర్వాత నెమ్మదిగా అంది, "ఆ పొద్దు తాళం మీ దగ్గరనే ఉండె అక్కా. రింగు వేలికి తగిలించుకోనుంటిరి. నేను చూస్తి."

నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వాళ్లమ్మ లోపలినుంచి, వచ్చినామెకు రొట్టె పెట్టకుండా ఏందే ఆ ముచ్చట్లు అని కేకేసింది. ఆమెకు ఏమీ తెలియదు. జొన్నరొట్టె, గురెళ్ల పొడి, అంటే మన వెర్రి నువ్వుల పొడి, పెట్టింది. నేను తిన్నాను. అంత కష్టంగా ఎప్పుడూ ఏదీ తినలేదు నాన్నా.

అలా మొదలైంది నా వ్యాపారం. వ్యాపారం అని రాయడానికి నాకే వింతగా ఉంది. కప్పగల్లు రోడ్డులో ఒక గది. నేనుండేదీ అదే, ఆఫీసూ అదే. బల్ల, రెండు కుర్చీలు, ఫోను, ఒక పొడుగు నోటుబుక్కు. బోర్డు ఇంకా పెట్టలేదు. పని కావాలని వచ్చినవాళ్ల దగ్గర జిరాక్సులు మాత్రమే తీసుకుంటాను. అసలు కాగితాలు ముట్టుకోను. ఎవరినైనా ఎక్కడికైనా పంపే ముందు నేను వెళ్లి వాళ్లు పడుకునే చోటు చూసి వస్తాను. తలుపుకు లోపలివైపు గడియ ఉందో లేదో చూస్తాను. మొదట్లో ఇవి చెప్పడానికే నోరు లేచేది కాదు. అందుకని ఒక కాగితం మీద రాసి ఫోను పక్కన పెట్టుకున్నాను. నమస్కారం, నా పేరు కరుణ, మీకు మనుషులు కావాలా, అని. కన్నడంలో ఒకటి, తెలుగులో ఒకటి. ఎవరు ఎత్తినా అది చూసి చదివేస్తాను. ఒకాయన, "ఏమ్మా, రికార్డా?" అని అడిగి పెట్టేశాడు.

గది అద్దెకిచ్చిన ఇంటావిడ పేరు రుక్మిణమ్మ. కప్పగల్లు వాళ్లే, తెలుగువాళ్లు. మంచి మనిషి. నేను ఇంట్లో ఉన్నానో లేనో తెలుసుకోవాలంటే బయట చెప్పులున్నాయా అని చూసుకోవాల్సిందేనని పక్కింటి వాళ్లతో చెప్పి నవ్విస్తుంది. కనపడినప్పుడల్లా "ఊట ఆయ్తా?" అంటుంది. భోజనమైందా అని. ఇక్కడ అందరూ పలకరించేది అలాగే. అయ్యిందనడానికి "ఆయ్తు" అనాలి. నేను బాగా నేర్చుకున్న మొదటి కన్నడం మాట అదే. తిన్నా ఆయ్తు, తినకపోయినా ఆయ్తు. అలా అనేస్తే ఇంకేమీ అడగరు. అమ్మకు ఈ వాక్యం చదవకండి. నేను వేళకు తింటూనే ఉన్నాను. ఒక్కోరోజు ఒక్కదానికోసం పొయ్యి వెలిగించబుద్ధి కాదు, అంతే.

ఎండలు అప్పుడే ముదిరాయి. మన నంద్యాల ఎండే అనుకునేదాన్ని. కాదు. ఇక్కడ ఊరి నడుమ కొండ ఉంది కదా, పెద్ద ఒంటి బండ, అది పగలంతా కాగి సాయంత్రం ఊరి మీదికి వదులుతుంది. అప్పుడు అందరూ వాకిళ్లలో కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. నేను కిటికీ దగ్గర కూర్చుని చదువుకుంటాను. తెచ్చుకున్న పుస్తకాలన్నీ రెండోసారి అయిపోయాయి. ఫిబ్రవరిలో మూడు వారాలు ఒక్క ఫోనూ రాలేదు. ఒక రోజు సాయంత్రం గుర్తు చేసుకుంటే, పొద్దుటినుంచి నేను పలికినది "ఆయ్తు" ఒక్కటే. నా గొంతు ఉందా అని తెలుసుకోవడానికి బైబిలు తీసి పైకి చదివాను.

ఆ బైబిలులోనే మీకు చెప్పకుండా దాచినది ఉంది.

నేను బళ్ళారి వచ్చేటప్పుడు మీరు నాకొక కవరు ఇచ్చారు. ఈమె మా సంఘ సభ్యురాలు, మీ ఊరికి వస్తున్నది, మీలో చేర్చుకోండి అని మన చర్చి పాస్టరు అయ్యగారు సంతకం చేసి ఇచ్చే ఉత్తరం. మీ దస్తూరీతో రాసి, మీరే అంటించారు. వెళ్లిన మొదటి ఆదివారమే అక్కడి అయ్యగారి చేతికియ్యి అన్నారు. ఇవ్వలేదు నాన్నా. రెండేళ్లూ బైబిలులోనే ఉంది. కవరు అంచులు నలిగి గుడ్డలా అయ్యాయి.

ఆరాధనకు మాత్రం ప్రతి ఆదివారం వెళ్లాను. అది అబద్ధం కాదు. ఆడవాళ్ల వైపు ఆఖరి బెంచీ, తలుపు పక్కన. ఆరాధన ముగిశాక అయ్యగారు తలుపు దగ్గర నిలబడి అందరి చేతులూ పట్టుకుని పలకరిస్తారని చూశాను. అందుకని చివరి పాట పాడుతుండగానే లేచి వచ్చేదాన్ని. మొదటి ఆదివారం ఇవ్వలేకపోయాను. రెండో ఆదివారం, పోయిన వారం ఎందుకియ్యలేదని అడుగుతారేమోనని ఇవ్వలేదు. అలా వారం గడిచేకొద్దీ ఇవ్వడం ఇంకా కష్టమైంది.

సిగ్గు ఒక్కటే కాదు. చిన్నప్పుడు మీరు సభ్యుల పుస్తకం ముందేసుకుని కూర్చుంటే స్కేలు నేను పట్టుకునేదాన్ని. చనిపోయినవాళ్ల పేరు మీద నల్ల గీత. వేరే ఊరి సంఘానికి మారినవాళ్ల పేరు మీద ఎర్ర గీత. మా సండే స్కూలు టీచరమ్మ పేరు మీద మీరు ఎర్ర గీత గీస్తుంటే నేను ఏడ్చాను. "చచ్చిపోలేదమ్మా, గుంతకల్లుకు పోయింది" అన్నారు. నాకు రెండూ ఒకటిగానే తోచాయి. ఇక్కడ కవరు ఇస్తే, చేరిందని వీళ్లు మీకు చీటీ పంపుతారు. చీటీ రాగానే మీరు పుస్తకం తెరుస్తారు. ఆ గీత నా పేరు మీద పడకూడదని కూడా ఇవ్వలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఒక సంగతి అర్థమవుతోంది. చీటీ రాలేదని మీకు రెండేళ్లుగా తెలుసు. పుస్తకం మీ చేతిలోనే కదా ఉంది. మీరు అడగలేదు. నేను చెప్పలేదు. నన్ను ఎరిగినవాళ్లు ఎవరున్నారని మీరు ఫోన్లో అడిగినది అందుకేనని ఈ మధ్యే తెలిసింది.

ఈ రెండు వారాల్లో ఏమైందో రాస్తాను.

ఇక్కడొక నర్సింగ్ హోముకు వార్డులో పని చేయడానికి ఆరుగురు ఆడపిల్లలు కావాలన్నారు. ఆ మాట రుక్మిణమ్మ చెవిన పడి నాకు చెప్పింది. నాకు వచ్చిన మొదటి పెద్ద పని. నేను కబురు పంపితే బండ్రి నుంచి లలిత తనతో పాటు ఇద్దరిని తీసుకొచ్చింది. వచ్చే ఏడు మళ్లీ ఫారం నింపేలోగా ఆస్పత్రి పని నేర్చుకుంటానంది. ఇంకో ముగ్గురు సిరుగుప్ప వైపు హచ్చొళ్ళి నుంచి. నర్సింగ్ హోము మేట్రన్ పేరు నాగరత్నమ్మ. పొడుగ్గా, గట్టిగా ఉంటుంది. పిల్లలుండే గది చూడాలని నేనడిగితే ముందు ఆశ్చర్యపోయింది. స్నానాల గది గడియ ఊడిపోయి ఉంది, వేయించండి మేడమ్ అన్నాను. కాగితం చూడకుండానే అన్నాను. "ఏజెంట్లు నా కమీషనెంత అంటారు గానీ గడియ యాడుండాది అన్నోళ్ళను చూడలేదు" అంది. గడియ వేయించింది కూడా. నేను ఆశపడ్డాను.

పోయిన వారం బుధవారం పిలిచి ఆమె అసలు మాట చెప్పింది.

"నోడమ్మా, చూడు, పిల్లలు బాగుండారు. ఏజెన్సీ వాళ్ళయితే కార్డులు పెట్టుకుంటారు. పిల్ల పారిపోతే వాళ్ళే పట్టుకోనొస్తారు. నీ దగ్గర ఏముండాది?"

"ఏమీ లేదు మేడమ్."

"మరి ఎవురి మాట మీద వార్డు అప్పజెప్పేది నేను? ఈ ఊర్లో నిన్ను ఎరిగినోళ్ళను ఒకరిని చూపించు. ఇల్లు బాడిగకిచ్చినామె కాకుండా. సోమవారం లోపల."

మీరడిగిన మాటే నాన్నా. అర్థంలో తేడా లేదు. కార్డులు పెట్టుకోనన్నది నా నియమం. దాని బదులు నేను చూపించాల్సింది ఒక మనిషిని. రెండేళ్లున్న ఊళ్లో నాకు ఒక్క మనిషి లేడు. ఈ పని పోతే ఇంకో నర్సింగ్ హోము నన్ను పిలవదు, ఊరు చిన్నది. మన ఊరి కాన్వెంటులో సిస్టర్ గారు ఒకటో తరగతి టీచరు పోస్టు జూన్ దాకా నాకోసం ఉంచుతానన్నారని అమ్మ చెప్పింది కదా. ఆ రోజు ఇంటికి నడిచి వస్తూ ఏ బట్టలు ముందు సర్దుకోవాలో కూడా అనుకున్నాను.

శుక్రవారం కవరు తీసుకుని ఇక్కడి అయ్యగారింటికి వెళ్లాను. గేటు దాకా పోయి రెండుసార్లు వెనక్కి వచ్చాను. మూడోసారి ఆయన భార్య, అమ్మగారు, చూసి, "లోపలికి రామ్మా, ఎండలో ఏం నిలబడుకోనుండావు" అన్నారు. అయ్యగారు పెద్దాయన. కళ్లద్దాలు తుడుచుకుని కవరు మీది తారీఖు చూశారు.

"ఇది రెండేండ్ల నాటిది. ఇన్నాళ్ళూ యాడుంటివమ్మా?"

"ఇక్కడే అయ్యగారూ. వెనక బెంచీలో."

"తలుపు మూలకు పచ్చ గొడుగు ఆనించి పెట్టేది నువ్వేనా?" అన్నారు. నేనే అన్నాను. "గొడుగును ఎరుగుదును" అన్నారు. నవ్వులాటకు అనలేదు, బాధగానే అన్నారు.

నాకు కావలసినదేమిటో అప్పుడు చెప్పాను. మీరు చూస్తే ఆయన మీకు నచ్చుతారు నాన్నా. "మీ సంఘం నిన్ను ఎరుగుదునని రాసింది. అది నేను నమ్ముతా. నేను ఎరుగుదునని మాత్రం ఎట్ల రాసేదమ్మా? ఎరగను కదా" అన్నారు. నాకు అది న్యాయంగానే తోచింది. లేచాను. కూర్చో, ముందు ఉత్తరం చదవనీ అని ఆయన కవరు చించారు.

సంఘాలన్నీ రాసుకునే మాటలే కదా, ఆయన గబగబా పైకి చదివారు. సంతకం దాకా వచ్చి ఆగారు. కింద ఇంకేదో ఉన్నట్టుంది. ఆయన గొంతు తగ్గించి మనసులో చదువుకున్నారు. తర్వాత కాగితం తిప్పి నా ముందు పెట్టారు.

సంతకం కింద మీరు రాసినది అప్పుడు చూశాను. "గమనిక: ఈ అమ్మాయి తనంతట తాను మాట్లాడదు. దయచేసి మీరే ముందుగా పలకరించండి."

రెండేళ్లు నేను ఆ మాటను మోసుకుని తిరిగాను. ప్రతి ఆదివారం తీసుకెళ్లి, ప్రతి ఆదివారం వెనక్కి తెచ్చుకున్నాను. మీరు నాకోసం వాళ్లను అడిగారు. వాళ్లకు ఆ సంగతి అందకుండా నేనే పట్టుకుని కూర్చున్నాను. అక్కడ ఏడవకూడదనుకున్నాను కానీ కుదరలేదు. అమ్మగారు ఏమీ అడగకుండా మజ్జిగ తెచ్చి పెట్టారు. మేట్రన్‌కు చూపించే కాగితం ఆయన రాయలేదు, నేనూ మళ్లీ అడగలేదు.

సోమవారం పొద్దున ఆరుగురు పిల్లలూ నర్సింగ్ హోము వరండాలో బెంచీ మీద కూర్చున్నారు. ఎవరూ దొరకలేదని మేట్రన్‌తో చెప్పి, వాళ్ల బస్సు వేళకు తిరిగి పంపించడానికే వెళ్లాను. ఆ ఒక్క వాక్యం కాగితం మీద రాసుకుని వెళ్లాను. లోపల నిలబడి అది చదివాను. మేడమ్, నన్ను ఎరిగినవాళ్లు ఈ ఊళ్లో ఎవరూ లేరు, అని. మేట్రన్ పెన్ను మూత పెట్టింది.

తలుపు తెరిచే ఉంది. లలిత లేచి గుమ్మం దాకా వచ్చింది.

"నేను ఎరుగుదును మేడమ్."

"నువ్వు పని కోసం వచ్చినదానివి. నీ మాట ఎట్ల చెల్లుతాది?"

"ఈమె నాకు అబద్ధం చెప్పింది మేడమ్" అంది లలిత. "కార్డు కోసం పోతే తాళం లేదనింది. వేలికే పెట్టుకోని. నా నర్సింగు పాయె. మళ్ళా ఆ పని ఇడిసిపెట్టి, కార్డు తీసుకోని, బస్సెక్కి మా ఊరికి వచ్చింది. మా అమ్మ చేతి రొట్టె తిని పోయింది."

"అబద్ధం చెప్పిందని నువ్వే అంటాండావు. మళ్ళా నమ్మమంటాండావా?"

"అబద్ధం చెప్పినోళ్ళు శానామంది ఉండారు మేడమ్. తిరిగి మా గుమ్మం తొక్కింది ఈమె ఒకతే."

మేట్రన్ నావైపు తిరిగి నిజమేనా అని అడిగింది. నిజమేనన్నాను. ఆమె పెన్ను మూత మళ్లీ తీసింది. చివరికి ముగ్గురిని తీసుకుంటానంది. మూడు నెలలు చూస్తుందట. వాళ్లు నిలబడితే మిగిలిన ముగ్గురిని పిలుస్తుందట. ముగ్గురిని ఎంచమని నాకే వదిలింది. అది అన్నిటికంటే కష్టమైంది. లలితనూ ఆమెతో వచ్చిన ఇద్దరినీ ఉంచాను. హచ్చొళ్ళి పిల్లలు ముగ్గురినీ నేనే బస్టాండుకు తీసుకెళ్లి ఎక్కించాను. వాళ్లలో చిన్నది కిటికీలోంచి, పిలుస్తారు కదా అక్కా అని అడిగింది. ఏజెన్సీలో ఉన్నప్పుడైతే తప్పకుండా అనేదాన్ని. తెలియదు, తెలిసిన రోజే నేను వచ్చి చెప్తాను అన్నాను.

కాబట్టి నాన్నా, మీ ప్రశ్నకు నా జవాబు ఇది. ఇక్కడ నన్ను ఎరిగినవాళ్లు ఒకరున్నారు. ఆమె ఎరిగినది నా మంచి కాదు, నేను చేసిన తప్పు. ఒక మనిషి నన్ను ఎరగడం అంటే ఇలా ఉంటుందని నాకు తెలియదు.

సంఘ పెద్దలకు చూపించాక, ఈ రోజు ఆరాధనలో ప్రకటనలప్పుడు అయ్యగారు మీ ఉత్తరం పైకి చదివారు. గమనిక చదవలేదు. నా పేరు పిలిచి, "నిలబడమ్మా" అన్నారు. నిలబడ్డాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. చివరి పాట అయ్యేదాకా ఉన్నాను. ముందు బెంచీలోని ఒక ముసలావిడ నా దగ్గరికి వచ్చి, "ఊట ఆయ్తా?" అంది. కాలేదు అన్నాను. రెండేళ్లలో అలా అనడం మొదటిసారి. అయితే నడువు అని చేయి పట్టుకుని వాళ్లింటికి తీసుకెళ్లింది. గమనిక సంగతి అయ్యగారు ఆమెతో చెప్పారో లేదో నేను అడగలేదు.

తిని వచ్చి ఇది రాస్తున్నాను. గది ఎప్పటిలాగే ఉంది. కరెంటు లేదు. రుక్మిణమ్మ వాళ్లు పెళ్లికి వెళ్లారు, కింద కూడా చప్పుడు లేదు. ఒక్క ఆదివారంతో అన్నీ మారిపోయాయని రాస్తే మీరు నమ్మరు. ఇంటి మీద బెంగగానే ఉంది. మీరు పొద్దున పాడే పాట వినాలని ఉంది. కానీ సిస్టర్ గారికి నా వందనాలు చెప్పి, ఆ పోస్టు ఇంకెవరికైనా ఇవ్వమనండి. మూడు నెలలు నిలబడాల్సింది ఆ ముగ్గురు పిల్లలే కాదు.

అమ్మకు రెండు మాటలు. పాత పుస్తకాల పెట్టెలో కింద ఉన్నవి నాలుగైనా ఎవరైనా వస్తుంటే పంపించమనండి. గోంగూర పచ్చడి కూడా. కారం తగ్గించొద్దనండి. మన అయ్యగారికి, సండే స్కూలు పిల్లలకు నా వందనాలు. నాకోసం ప్రార్థన చేయండి. లలిత కోసం కూడా, పేరు పెట్టి చేయండి.

ఇంకొకటి నాన్నా. ఈ ఉత్తరంతో పాటు చిన్న చీటీ ఉంది. నేను ఇక్కడ చేరానని ఇక్కడి అయ్యగారు రాసి ఇచ్చింది. పోస్టులో వేరుగా పంపుతానన్నారు. నేనే పెడతానని తీసుకున్నాను. ఇది అందాక మీరు సభ్యుల పుస్తకం తెరవాలి. నాకు తెలుసు. తెరవండి. స్కేలు పట్టుకోవడానికి అమ్మను పిలవండి. ఎర్ర గీత ఒక్కటే గీయండి, సన్నగా. కింద నా పేరు చదవడానికి వీలుండాలి.

మీ దీవెనలు కోరే
మీ కూతురు,
కరుణ